‘నైస్’: ఒక ఇంగ్లీషు విశేషణం పుట్టుక, అర్థ పరిణామం, వాడుక

ఇంగ్లీషులో మెప్పును తెలిపే విశేషణాల్లో అందరి నోటా నలిగేది ‘నైస్’. భోజనం, వాతావరణం, మనిషి, ఇల్లు, చీర, ఉత్తరం, ప్రయాణం, దేని ముందు చేర్చినా ఇమిడిపోతుంది. ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలకు తొలినాళ్లలోనే వచ్చేసే ఈ మాట పుట్టుకతో పొగడ్త కాదు, తిట్టు. ‘తెలివిలేని’ అనే అర్థంతో ఇంగ్లీషులో అడుగుపెట్టి, విచ్చలవిడితనం, బిడియం, సుకుమారం, పట్టింపు, నిశితత్వం అనే మెట్లన్నీ ఎక్కి దిగి, చివరికి ‘ఇంపైన’ అనే అర్థం దగ్గర స్థిరపడింది. ఇందుకు అయిదు వందల ఏళ్లు పట్టింది. మాటల అర్థాలు ఎలా మారతాయో చెప్పే పుస్తకాల్లో ఈ పదం ఉదాహరణగా తరచూ కనిపించడానికి కారణం ఈ సుదీర్ఘ ప్రయాణమే.

మూలం లాటిన్‌లో ఉంది. ‘స్కీరె’ అంటే తెలుసుకోవడం; దాని ముందు ‘కాదు, లేదు’ అని చెప్పే ‘నె’ చేరితే ‘నెస్కీరె’, తెలియకపోవడం. దాన్నుంచి వచ్చిన విశేషణం ‘నెస్కియుస్’, అంటే తెలియనివాడు, అజ్ఞాని. సైన్స్, కాన్షియన్స్, కాన్షస్ అనే ఇంగ్లీషు మాటలు కూడా ఆ ‘స్కీరె’ కొమ్మలే. ఆ లెక్కన ‘సైన్స్’కూ ‘నైస్’కూ ధాతువు ఒకటే, ఒకటి తెలిసినదాన్ని చెబితే రెండోది తెలియనిదాన్ని చెప్పింది. లాటిన్ పదం పాత ఫ్రెంచిలోకి వచ్చేసరికి అరిగిపోయి ‘నీస్’ అయింది. మూర్ఖుడు, చేతకానివాడు, అమాయకుడు అనే అర్థాలను మోసింది. ఇదే పదం స్పానిష్‌లో ‘నెసియో’గా నేటికీ బతికే ఉంది, అక్కడ దాని అర్థం ఇప్పటికీ ‘మూర్ఖుడు’. ఫ్రెంచివాళ్లు మాత్రం తమ వాడుకలో దీన్ని దాదాపు వదిలేశారు. ఫ్రాన్స్ దక్షిణ సముద్రతీరంలో ఉన్న నీస్ నగరానికీ ఈ పదానికీ చుట్టరికం లేదు. ఆ ఊరి పేరు గ్రీకువారి ‘నికాయా’ నుంచి, విజయదేవత ‘నైకీ’ పేరు మీదుగా వచ్చింది. ఇంగ్లీషు రాతలో రెండిటి వర్ణక్రమం ఒకటే కావడం యాదృచ్ఛికం.

1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక రెండు మూడు శతాబ్దాల పాటు ఫ్రెంచి మాటలు ఇంగ్లీషులోకి వరదలా వచ్చాయి. ఆ వరదలో వచ్చిందే ఇది. 1300 ప్రాంతపు ఇంగ్లీషు రాతల్లో దీనికి వెర్రి, బుద్ధిహీనత అనే అర్థం తప్ప మరో అర్థం చూడనక్కర్లేదు. అప్పటి ఉచ్చారణ కూడా నేటిది కాదు. ‘నీస్’ అని దీర్ఘం తీసి పలికేవారు. పదిహేనో శతాబ్దం నుంచి ఇంగ్లీషులో దీర్ఘాచ్చులన్నీ స్థానం మార్చుకున్న పెద్ద పరిణామంలో ‘ఈ’ కాస్తా ‘ఐ’గా మారింది. అంతకుముందు ‘టీమ్’లాగా, ‘లీఫ్’లాగా వినిపించిన మాటలు ‘టైమ్’, ‘లైఫ్’ అయినట్లే ఇది ‘నైస్’ అయింది.

పద్నాలుగో శతాబ్దపు మహాకవి ఛాసర్ రచనల్లో ఈ పదం మూర్ఖత్వాన్ని సూచిస్తూ పలుమార్లు వస్తుంది. వాటిలో ఒకచోటు ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. 1380ల నాటి ‘ట్రాయిలస్ అండ్ క్రిసెయిడ్’ కావ్యం రెండో భాగం మొదట్లో కవి భాష గురించే మాట్లాడతాడు. వెయ్యేళ్లలో మాటల రూపం మారిపోతుందని, ఒకప్పుడు విలువున్న మాటలే తర్వాతివారికి వెర్రిగా, వింతగా తోస్తాయని అంటాడు. ఆ ‘వెర్రిగా’ అన్నచోట ఆయన వాడినది ఈ పదాన్నే. భాష మారుతుందని చెప్పడానికి ఎంచుకున్న మాటే, ఆ తర్వాత గుర్తుపట్టలేనంతగా మారింది. ఆ వాక్యాన్ని నేటి అర్థంతో చదివితే కవి చెప్పినదానికి పూర్తిగా విరుద్ధమైన భావం వస్తుంది.

‘వెర్రి’ నుంచి ‘ఇంపు’ వరకు దారి ఎలా పడింది? ఒక్క గంతులో కాదు. బుద్ధి లేనివాడి నడవడికి హద్దు ఉండదు కనుక విచ్చలవిడితనం, కాముకత అనే అర్థాలు మొదట తోడయ్యాయి. వేషధారణలో అతి చేసేవారినీ ఇలాగే అన్నారు. అలంకారం మీద మోజు సుకుమారానికి గుర్తు కాబట్టి పదం మెత్తదనం వైపు, సోమరితనం వైపు ఒరిగింది. సుకుమారంగా పెరిగినవారు ఊరికే దగ్గరకు రారు, దేన్నీ వెంటనే ఒప్పుకోరు; అలా బిడియం, బెట్టు అనే ఛాయలు వచ్చాయి. బెట్టు చేసేవారికి తిండిలో, బట్టలో, మాటలో పట్టింపు ఎక్కువ. ఆ పట్టింపు పెరిగితే చాదస్తం, పదును తేలితే నిశిత పరిశీలన. ఇలా ప్రతి మెట్టూ పక్క మెట్టును ఆనుకునే ఉంది. మొదటి మెట్టును, చివరి మెట్టును మాత్రమే చూసినవారికే ఇది వింతగా తోస్తుంది. ఈ నడిమి దశకు తెలుగులో దగ్గరి మాట ‘నాజూకు’. నాజూకు మనిషి అన్నా, నాజూకైన విషయం అన్నా, నాజూకుగా పని చక్కబెట్టడం అన్నా ఒక్కోచోట ఒక్కో ఛాయ పలుకుతుంది. పదహారు, పదిహేడు శతాబ్దాల్లో ‘నైస్’ పరిస్థితి అంతకన్నా చిక్కు. ఆ కాలపు రచయిత ఏ అర్థంలో ఈ మాట వాడాడో చాలాచోట్ల తేల్చి చెప్పడం కష్టమని ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువు సంపాదకులే రాశారు.

షేక్‌స్పియర్ నాటకాలు ఆ చిక్కుకు మంచి నమూనా. ‘రోమియో అండ్ జూలియట్’ చివరి అంకంలో తాను పంపిన ఉత్తరం రోమియోకు చేరలేదని తెలిసి ఫ్రయర్ లారెన్స్ హతాశుడవుతాడు. అది ‘నైస్’ ఉత్తరం కాదు, ఎంతో ముఖ్యమైనది అంటాడు. ఇక్కడ పదానికి ‘అల్పమైన, లెక్కలోకి రాని’ అని అర్థం. ‘జూలియస్ సీజర్’లో బ్రూటస్‌తో గొడవపడుతూ కాసియస్ ఇదే అర్థంతో వాడతాడు, ఇలాంటి గడ్డుకాలంలో ప్రతి చిల్లర తప్పునూ ఎత్తిచూపడం తగదన్నది అతని వాదన. ‘హెన్రీ ద ఫిఫ్త్’ ముగింపులో పెళ్లికి ముందు ముద్దు మా దేశాచారం కాదని ఫ్రెంచి రాకుమారి తరఫున చెప్పినప్పుడు, రాజు ఆ ఆచారాలను ‘నైస్’ అంటాడు. అక్కడ అర్థం ‘మరీ పట్టింపుతో కూడిన’. ఒకే రచయిత కలం నుంచి వచ్చిన మూడు వాక్యాల్లో ఏ ఒక్కదానిలోనూ నేటి ‘బాగున్న’ అనే అర్థం సరిపోదు. షేక్‌స్పియర్‌ను పాఠంగా చదివే విద్యార్థులు తడబడే మాటల్లో ఇది ముందు వరుసలో ఉండటం సహజం.

పట్టింపు నుంచి పుట్టిన నిశితత్వమే ఈ పదానికి దక్కిన గొప్ప గౌరవం. సన్నని తేడాను పసిగట్టగల చెవి, తూకం తప్పని తీర్పు, వివరం తెలిస్తే తప్ప విడదీయలేని భేదం, వీటన్నిటినీ ఇంగ్లీషువారు ‘నైస్’ అన్నారు. 1667లో వెలువడిన ‘పారడైజ్ లాస్ట్’లో మిల్టన్ ఈడెన్ తోటను వర్ణిస్తూ, అక్కడి పూలు మళ్లు కట్టి కొలిచి నాటే తోటమాలి కళ వల్ల పూసినవి కావని, ప్రకృతి ధారాళంగా కురిపించినవని చెబుతాడు. ఆ కొలతల కళకు ఆయన చేర్చిన విశేషణం ఇదే. 1755లో వచ్చిన జాన్సన్ నిఘంటువు కూడా సూక్ష్మాతిసూక్ష్మంగా కచ్చితత్వం పాటించడాన్నే మొదటి అర్థంగా పెట్టింది. ఆ కచ్చితత్వం హద్దు మీరితే దోషమనే సూచన కూడా అందులోనే ఉంది. ‘నైసిటీ’ అనే నామవాచకం కథ కూడా ఇటువంటిదే. పాత ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు దానర్థం మూర్ఖత్వం. నేడు ‘టు ఎ నైసిటీ’ అంటే వెంట్రుకవాసి తేడా లేకుండా అని.

ఈ అర్థం సంభాషణలో ఎంత సహజంగా ఉండేదో వాటర్‌లూ యుద్ధం తెలుపుతుంది. 1815 జూన్ 18న నెపోలియన్‌ను ఓడించిన వెల్లింగ్టన్ ప్రభువు, మర్నాడు బ్రసెల్స్‌లో తనను కలిసిన బ్రిటిష్ రాజకీయ నాయకుడు థామస్ క్రీవీతో ఆ పోరాటాన్ని ‘నైస్’ వ్యవహారమని అన్నట్లు క్రీవీ రాసుకున్నాడు. నేటి పాఠకుడికి ఇది దారుణంగా వినిపిస్తుంది, వేలమంది నేలకొరిగిన యుద్ధం ముచ్చటగా ఉందన్నట్లు. సేనాని చెప్పింది అది కానే కాదు. గెలుపోటములు తూకం ముల్లులా ఊగాయని, విజయం వెంట్రుకవాసిలో దక్కిందని ఆయన భావం. ఆ అర్థం చచ్చిపోలేదు. న్యాయస్థానాల్లో ఇప్పటికీ చిక్కైన ధర్మసందేహాన్ని ‘నైస్ పాయింట్’ అంటారు. తత్త్వశాస్త్ర చర్చల్లో సూక్ష్మభేదాన్ని ‘నైస్ డిస్టింక్షన్’ అంటారు. అలా అనేవారు మెచ్చుకోవడం లేదు, జాగ్రత్తగా చూడమంటున్నారు.

చివరి మలుపు పద్దెనిమిదో శతాబ్దంలో వచ్చింది. నాణ్యత తెలిసిన నాలుక మెచ్చే వంటకం కూడా నాణ్యమైనదే కదా. ఎంచే మనిషి గుణం ఎంచిన వస్తువుకు సంక్రమించి, రుచికరమైన తిండిని ఈ పేరుతో పిలవడం మొదలైంది. అక్కడి నుంచి షికారుకు, ఉత్తరానికి, సాయంకాలానికి పాకడానికి ఎంతో కాలం పట్టలేదు. ‘హాయిగొలిపే’ అన్న సాధారణార్థానికి నిఘంటుకారులు చూపే తొలి ఆధారం 1769 నాటిది; ‘దయగల, ఎదుటివారిని కనిపెట్టుకుని మెలిగే’ అన్న అర్థం 1830 ప్రాంతంలో స్థిరపడింది. నేడు అందరికీ తెలిసిన అర్థం వయసు రెండున్నర శతాబ్దాలేనన్నమాట.

కొత్త అర్థం రాగానే దానిపై ఫిర్యాదులూ వచ్చాయి. అందులో ప్రసిద్ధమైనది జేన్ ఆస్టిన్ ‘నార్తాంగర్ ఆబీ’ నవలలో ఉంది. 1790ల చివర్లో రాసిన ఈ నవల, రచయిత్రి మరణించాక 1817 డిసెంబరులో అచ్చయింది. బాత్ పట్నం దగ్గర నడకకు వెళ్లినప్పుడు క్యాథరిన్ మోర్లండ్ తనకు నచ్చిన నవలను అన్నిటికన్నా ‘నైస్’ పుస్తకమని మెచ్చుకుంటుంది. హెన్రీ టిల్నీ ఊరుకోడు. ఆ మాటకు తీరుగా, పొందికగా ఉన్నదని అర్థమైతే అది బైండింగును బట్టి కదా ఉంటుందని ఆటపట్టిస్తాడు. ఒకప్పుడు పొందికను, నాజూకును, సంస్కారాన్ని చెప్పిన మాట ఇప్పుడు ప్రపంచంలోని ప్రతి మెప్పుకూ సరిపోతోందని అంటాడు. ఈ ఘట్టాన్ని ఆస్టిన్ తీర్పుగా చూపించి ఈ పదాన్ని తప్పుపట్టేవారు చాలామంది ఉన్నారు. నవలను శ్రద్ధగా చదివితే అలా అనిపించదు. హెన్రీ చెల్లెలు ఎలినోర్ వెంటనే అడ్డుపడి, అన్న మితిమీరుతున్నాడని క్యాథరిన్‌ను వెనకేసుకొస్తుంది. మాటను విప్పి చూపించే తెలివి హెన్రీదే అయినా, మనసులో ఉన్నది ఉన్నట్లు చెప్పిన నిజాయితీ క్యాథరిన్‌ది; రచయిత్రి రెండిటికీ చోటిచ్చింది.

1926లో వచ్చిన ‘మోడర్న్ ఇంగ్లిష్ యూసేజ్’లో ఫౌలర్ ఈ చర్చను మరింత కటువుగా సాగించాడు. స్త్రీలు ఈ పదాన్ని మితిమీరి ముద్దు చేయడం వల్ల దాని సొంత వ్యక్తిత్వం పోయిందని ఆయన అభిప్రాయం. ఇందులో స్త్రీల మాటతీరు పట్ల చిన్నచూపు ఉంది. అది భాషాశాస్త్రం కాదు. ఏ భాషలోనైనా మెప్పుమాటలు స్త్రీపురుషులందరి నోటా అరిగే మెత్తబడతాయి. వ్యాసాల్లో ఈ పదం రాస్తే కొట్టివేసే ఉపాధ్యాయులు ఇంగ్లండులో తరతరాలుగా ఉన్నారు. రాతలో మరింత నిర్దిష్టమైన మాట వెతుక్కోమనడం మంచి సలహాయే. కానీ పదంలో సరుకే లేదనడం సరికాదు. ‘మంచి’ అనే తెలుగు మాట మనిషికి, నీళ్లకు, ముహూర్తానికి, అదనుకు ఒక్కో అర్థమిస్తూ నడుస్తోంది; దాన్ని ఎవరూ ఖాళీ మాట అనరు. పక్కనున్న నామవాచకాన్ని బట్టి నిండే పదాలు ప్రతి భాషకూ కావాలి.

ఇలా హీనార్థం నుంచి ఉన్నతార్థానికి ఎదగడాన్ని తెలుగు భాషాశాస్త్ర గ్రంథాలు అర్థోత్కర్ష అంటాయి. ఇంగ్లీషులోనే ‘ప్రెటీ’ మొదట జిత్తులమారిని సూచించి, తర్వాత అందానికి పేరైంది. ‘ఫాండ్’ మూర్ఖత్వం నుంచి ప్రేమకు మారింది. ‘సిల్లీ’ సరిగ్గా ఎదురు దిశలో నడిచింది. దైవానుగ్రహం పొందినవాడు, అమాయకుడు, జాలిగొలిపేవాడు, చివరికి తెలివితక్కువవాడు. ఒకటి ఎక్కిన మెట్లను మరొకటి దిగిందన్నమాట. సంస్కృతంలో ‘దేవానాంప్రియ’ గతి కూడా ‘సిల్లీ’ గతే. అశోకుడు శాసనాల్లో గౌరవంగా ధరించిన ఆ బిరుదును తర్వాతి వైయాకరణులు మూర్ఖుడికి పర్యాయంగా చెప్పారు. వేదం తెలిసిన ఛాందసుడు తెలుగులో పాతకాలపు మొండిమనిషి అయ్యాడు. ధర్మశాస్త్రాల్లో దౌర్జన్యపు నేరమైన ‘సాహసం’ తెలుగులో మెచ్చదగిన ధైర్యమైంది, జూదశాల నడిపే ‘సభికుడు’ మర్యాదగల శ్రోత అయ్యాడు.

వీటన్నిటికన్నా ‘నైస్’కు నిజమైన తోబుట్టువు ‘ముగ్ధ’. ‘ముహ్’ ధాతువుకు తెలివి తప్పడం, దిక్కుతోచకపోవడం అని అర్థం. దాన్నుంచే మూఢుడు, మోహం వచ్చాయి, ముగ్ధ కూడా వచ్చింది. సంస్కృతంలో ‘ముగ్ధ’ అంటే మొదట తెలివిలేని, తర్వాత లోకం తెలియని, ఆపైన ఆ తెలియనితనం వల్లనే ముచ్చటగొలిపే, చివరికి అందమైన. ఒకే ధాతువు నుంచి పుట్టిన మూఢుడు తిట్టుగానే మిగిలిపోగా ముగ్ధ మనోహరమైంది. తెలియకపోవడం నుంచి ఇంపు వరకు రెండు భాషలు వేర్వేరు కాలాల్లో, ఒకదాని ప్రభావం మరొకదానిపై లేకుండా, ఒకే గమ్యం చేరాయి. అయితే దారులు వేరు. సంస్కృతం అమాయకత్వపు అందం మీదుగా వెళ్లింది, ఇంగ్లీషు పట్టింపు, నాణ్యత మీదుగా వెళ్లింది. ‘అజ్ఞానం ఎలా అందమైంది’ అని ఆశ్చర్యపోయే తెలుగు పాఠకుడికి జవాబు తన భాషలోనే ఉంది.

పాత పుస్తకాలు చదివేవారికి ఈ చరిత్ర ఎందుకు అవసరమో సి.ఎస్. లూయిస్ 1960 నాటి ‘స్టడీస్ ఇన్ వర్డ్స్’లో పెట్టిన ఒక పేరుతో చెప్పవచ్చు. నేడు బలంగా ఉన్న అర్థాన్ని ఆయన ‘ప్రమాదకరమైన అర్థం’ అంటాడు. పూర్తిగా తెలియని పాతమాట ఎదురైతే పాఠకుడు నిఘంటువు తీస్తాడు. బాగా తెలిసిన మాట పాత అర్థంతో వస్తే, తనకు తెలిసిన అర్థమే పెట్టుకుని ముందుకు సాగిపోతాడు, పొరబడ్డానన్న అనుమానం కూడా రాదు. 1800కు ముందటి పుస్తకంలో ‘నైస్’ కనబడితే ఆగి చూడటం అందుకే మేలు. ‘నైస్’ మనిషి అని ఉంటే మంచివాడని కాక పట్టింపుమనిషి అనో, ‘నైస్’ సంగతి అని ఉంటే ముచ్చటైనదని కాక చిక్కైనది అనో ముందు అనుకోవాలి.

నేటి వాడుకలో కొన్ని మెలకువలు ఉన్నాయి. ‘గుడ్ మ్యాన్’ అంటే గుణం మంచిది, ‘నైస్ మ్యాన్’ అంటే కలివిడిగా, మర్యాదగా మెలుగుతాడు. రెండోవాడు మొదటివాడు కాకపోవచ్చు. తెలుగులో ‘మంచివాడు’ రెండిటినీ కలిపేస్తుంది కనుక ఇంగ్లీషు రాసే తెలుగువారు ఈ తేడాను గమనించాలి. అనేక విశేషణాలు వరసగా వచ్చినప్పుడు ఇది ముందు నిలుస్తుంది: ‘నైస్ బిగ్ హౌస్’ అంటారు కానీ ‘బిగ్ నైస్ హౌస్’ అనడం అలవాటు కాదు. ‘నైస్ అండ్ వార్మ్’, ‘నైస్ అండ్ ఎర్లీ’ వంటి జంటల్లో ఇది స్వతంత్రంగా మెచ్చుకోదు. పక్క విశేషణానికి ‘చక్కగా, తగినంతగా’ అని ఊతమిస్తుంది. కొత్త మనిషిని కలిసిన క్షణంలో ‘నైస్ టు మీట్ యూ’, సెలవు తీసుకునేటప్పుడు ‘నైస్ మీటింగ్ యూ’ అనడం పద్ధతి. సాయం చేసినవారికి ‘నైస్ ఆఫ్ యూ’ అంటే కృతజ్ఞత. ‘నాట్ నైస్’ అన్న రెండు మాటల్లో చాలా కోపం అణచిపెట్టి చెప్పవచ్చు; పెద్దలు పిల్లల్ని మందలించేది దీంతోనే.

గొంతు మారితే అర్థమూ తిరగబడుతుంది. తలకిందులైన వ్యవహారాన్ని ‘నైస్ మెస్’ అనడం లారెల్, హార్డీ హాస్యచిత్రాల వల్ల ప్రపంచమంతా పాకింది. 1930 నాటి వారి చిత్రం పేరులో ‘ఫైన్’ అని ఉన్నా, హార్డీ తిట్టిపోసే ఆ వాక్యంలో ఉండేది ‘నైస్’. అమెరికాలో 1970ల దశాబ్దంలో అంగళ్లలో ‘హ్యావ్ ఎ నైస్ డే’ మొక్కుబడి వీడ్కోలైంది. ‘నైస్ గై’ అనే ప్రయోగానికీ నీడ పడింది. మంచిగా ఉండేవారు వెనకబడతారన్న భావపు మాటను 1946లో బేస్‌బాల్ శిక్షకుడు లియో డ్యూరోషర్‌కు ఆపాదించి ప్రచారం చేశారు. ఇటీవలి కాలంలో పైకి మర్యాద చూపి లోపల ప్రతిఫలం ఆశించే మగవాడిని కూడా ఆ పేరుతో ఎత్తిపొడుస్తున్నారు.

తెలుగునాట ఈ పదం ‘నైస్‌గా ఉంది’ అనే మెప్పుగా అందరికీ తెలుసు. అంతకన్నా విలువైన వాడుకలు ఇంకో రెండు ఉన్నాయి. గారెల పిండి, చట్నీ, మసాలా ముద్ద ‘నైసుగా’ రుబ్బాలంటే చేతికి బరక తగలనంత మెత్తగా, నున్నగా రుబ్బాలని. తమిళంలోనూ ఇదే ప్రయోగం ఉంది. ఇది నేటి ఇంగ్లీషులో లేని అర్థం. గోడ పూత నునుపు తేలినా, బట్ట జారిపోయేంత మెత్తగా ఉన్నా ‘నైసుగా ఉంది’ అంటారు. రెండోది నడవడికి సంబంధించినది: ‘నైసుగా మాట్లాడి పని చేయించుకున్నాడు’, ‘నైసుగా జారుకున్నాడు’ అన్నప్పుడు మెత్తని నేర్పు, కొద్దిపాటి జిత్తు కలిసి వినిపిస్తాయి. ఈ రెండూ తెలుగువారి నోట ‘నున్నన’ అనే భావం చుట్టూ అల్లుకున్న అర్థాలు. తెలుగు నిఘంటువులు కూర్చేవారు ‘నైసు’ను ఇంగ్లీషు మాట కదా అని పక్కన పెట్టకుండా, ‘మెత్తగా, నునుపుగా, నేర్పుగా’ అనే అర్థాలతో వేరే పదంగా చేర్చాలి.